సాక్ష్యం వేళ

మా మేనమామ అణుశాస్త్రవేత్త. ఉత్తరాదిలో ఉద్యోగం వదిలేసి కొనకనమిట్ల పక్కనున్న మా ఊరికి వచ్చాక, అణుబాంబులు తగ్గించాలని కాలేజీలూ ఊళ్లూ తిరిగి మాట్లాడేవాడు. మైకు పడితే గంటసేపు ఆగని మనిషి, చర్చిలో మాత్రం నోరు విప్పేవాడు కాదు. దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే వేళ, పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు ఉన్నారా?" అనగానే లేచి, ఆడవాళ్ల వైపు చూస్తూ ఊరికే నిలబడేవాడు.

ఒకప్పుడు ఆ వైపు చాపమీద మా అవ్వ, ఆయన తల్లి, కూర్చునేది. కూలికి పోయి ఆయన్ని చదివించింది. మామవాళ్లు చేసిన బాంబు పరీక్షలో పేలిందని తెలిసిన వారం, కృతజ్ఞతగా సంఘమంతటికీ అన్నం పెట్టింది. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం లేచి, "నా కొడుకు చేసిన బాంబు పేలింది, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పేది. అందరం "స్తోత్రం" అనేవాళ్లం. అందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మామ తిరిగొచ్చిన మొదటి ఆదివారం కూడా అవ్వ అదే మొదలుపెట్టింది. మగవాళ్ల వైపు నుంచి మామ గట్టిగా అరిచాడు.

"కూర్చోమ్మా! అది మనుషుల్ని చంపేదానికి చేసినాము."

అవ్వ వెంటనే కూర్చోలేదు. "మరి ఇన్నేండ్లూ నేను దేవునికి ఏం చెప్పినట్టు నాయనా?" అంది.



ఆ తర్వాత అవ్వ బతికినన్నాళ్లూ సాక్ష్యానికి లేవలేదు. "లెయ్యిమ్మా, ఏదో ఒకటి చెప్పు" అని మామ ఎంత బతిమాలినా, "నాకేం తెలుసు నాయనా" అనేది.

అవ్వ పోయాకే మామ అలా నిలబడడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లలోంచి ఎవరో ఒక ముసలామె "కూర్చో నాయనా" అనేదాకా కూర్చునేవాడు కాదు.