ఎర్ర గీత కింద పదిహేను నిమిషాలు

స్వర్ణ నల్లగొండకు తిరిగి వచ్చింది ఉద్యోగం కోసం కాదు. పీహెచ్‌డీ అయిపోగానే హైదరాబాద్‌లో ఒక కాలేజీ పిలిచినా వెళ్లలేదు. తాను ఎమ్మెస్సీ చదివిన యూనివర్సిటీలోనే, అదే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరింది. హెడ్ విజేందర్ సార్ రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లున్నాయి. ఆ రెండేళ్లే ఆమెకు కావాలి.

తల్లి బక్కమ్మ తిరుమలగిరి చుట్టుపక్కల పత్తి ఏరి ఆమెను చదివించింది. కూతురి సంగతి ఆమెకు తెలుసు.

"గింత కోపం కడుపుల వెట్టుకొని అన్నమెట్ల తింటున్నవే?" అని అడిగింది ఓ ఆదివారం, చర్చి నుంచి వస్తూ.

"అన్నంల కలుపుకొనే తింటున్ననే అమ్మా."

"అయితే ఉప్పు ఎక్కువ పడ్డట్టే."

ఆ కోపానికి తేదీ ఉంది. 2016 మే నెలలో ఎమ్మెస్సీ వైవా, మౌఖిక పరీక్ష. ప్రవేశ పరీక్ష ర్యాంకుల వరుసలో పేర్లు రాసి, రిజర్వేషన్ సీట్లతో వచ్చినవాళ్లను ఒక ఎర్ర గీత కింద రాయడం విజేందర్ సార్ అలవాటు. పిలుపూ ఆ వరుసలోనే. గీత కింది వాళ్లు పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం దాకా వరండా బెంచీ మీద కూర్చునేవారు. అందరికంటే చివర స్వర్ణ. ఆమె లోపలికి పోయేసరికి సార్ బ్యాగు సర్దుకుంటున్నాడు.

"మీ నాయిన ఏం పని జేస్తడు?"

"లేడు సార్. అమ్మ కూలికి పోతది."

"సరే, పో."

యాభైకి పద్దెనిమిది. పేర్లు కనిపించని రాత పరీక్షలో ఆమెదే మొదటి స్థానం. ఈ పద్దెనిమిదితో మెడల్ ఇంకొకరి మెడలో పడింది.

పోయిన ఏడాది తనిఖీ కమిటీ వస్తుందని తెలిసి, విజేందర్ సార్ ఆమెను పిలిచాడు.

"చూడమ్మా, సమాన అవకాశాల కమిటీ అని ఒకటుండాల్నట. నువ్వే కన్వీనర్‌వి. నాలుగు ఫొటోలు, రెండు పేజీల రిపోర్టు. జర మంచిగ రాయి."

"రాస్త సార్. పాత రిజిస్టర్లు చూడనీకి పర్మిషన్ కావాలె."

అతను ఫోన్‌లో మాట్లాడుతూనే పర్మిషన్ కాగితం లాక్కుని, చదవకుండా సంతకం పెట్టాడు.

అటెండర్ కురుమయ్య స్టోర్‌రూమ్ తాళం తీసి, దుమ్ము దులిపి వైవా రిజిస్టర్లు కింద పెట్టాడు. "గివన్ని ఎందుకు బిడ్డా? ఎలుకలు సుత చదవయి."

స్వర్ణ చదివింది. అందులో ఆమెకు కావలసింది మార్కులు కాదు. పిల్లలు ఆలస్యంగా వస్తున్నారని, ఎవరు ఎన్ని గంటలకు లోపలికి పోయారు, ఎప్పుడు బయటికి వచ్చారు అని రెండు గడులు గీయించింది విజేందర్ సారే. అతని గడులే, అతని సంతకమే. ఎర్ర గీత పైన ఇరవై నిమిషాలు, పాతిక నిమిషాలు. గీత కింద నాలుగు, మూడు, రెండు. తన పేరు ఎదురుగా 5:10, 5:12.

రిపోర్టు రెండు పేజీలే అయింది. అందులో ఒక్క విశేషణం లేదు. ఉన్నవి పన్నెండేళ్ల సమయాలే. తనిఖీ కమిటీలోని ఒక పెద్దామె అది చదివి తలెత్తి, "రెండు నిమిషాల్లో ఏం అడిగారు మీరు?" అంది.

"గుర్తు లేదు మేడం," అన్నాడు విజేందర్ సార్.

"నాకు గుర్తుంది సార్. చెప్పమంటరా?" అంది స్వర్ణ.

అతను చెప్పమనలేదు. ఆమె చెప్పింది.

బయటికి వచ్చాక అతను గొంతు తగ్గించాడు. "రిటైర్ అయ్యేటోన్ని. నీకు నాయినసొంటోన్ని. గిట్ల జేస్తవా?"

"మా నాయిన ఏం పని జేస్తడో మీరు అడిగిండ్రు గద సార్. గీ ఎర్ర గీత గీసుడు మాత్రం ఆయన పని కాదు."

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకపై పేర్లు చీటీలు తీసి పిలవాలి. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. అడిగిన ప్రతి ప్రశ్నా కన్వీనర్ రాయాలి. విజేందర్ సార్‌ను ఈసారికి తప్పిద్దామన్నాడు రిజిస్ట్రార్.

"వద్దు సార్," అంది స్వర్ణ. "ఆయనే ఉండాలె."

వైవా రోజు ఇరవై నాలుగు మంది. బీకరులోంచి చీటీలు తీశాడు కురుమయ్య. స్వర్ణ గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఒంటిగంట దాటినా సార్ లేవడానికి లేకపోయింది. లేవబోయిన ప్రతిసారీ ఆమె, "ఇంక తొమ్మిది నిమిషాలున్నయి సార్," "ఇంక ఆరు," అంటూనే ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

రెండు గంటలకు నిరోష అనే అమ్మాయి వచ్చింది. పాత లెక్కలో అయితే ఎర్ర గీత కింద ఉండాల్సిన పేరు. మొదట తడబడింది, తర్వాత జవాబులు చెప్పింది. నాలుగు నిమిషాలకే సార్ ప్రశ్నలు అయిపోయాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అలవాటుగా నోరు కదిలింది.

"మీ నాయిన ఏం..."

స్వర్ణ పెన్ను మూత తీసింది. "రాసుకుంటున్న సార్. పూర్తి చెయ్యిండ్రి."

విజేందర్ సార్ పుస్తకం ముందుకు లాక్కున్నాడు. పేజీలు తిప్పాడు.

"క్రోమటోగ్రఫీ గురించి చెప్పమ్మా," అన్నాడు.

నిరోష చెప్పడం మొదలుపెట్టింది. స్వర్ణ ప్రశ్న రాసింది. ఇంకా పది నిమిషాలున్నాయి. బయట బెంచీ మీద ఇంకా ఎనిమిది మంది.