కళ్ళు మూసుకుని తీసిన ఫోటో

గుడివాడలో పొద్దున్నే పాసింజరెక్కితే టిఫిను వేళకి బందరు చేరతాం. బస్టాండు పక్కన ఇడ్లీ తిని, సుగుణమ్మగారి కోసం బందరు లడ్డూ కట్టించుకుని అవనిగడ్డ బస్సెక్కాను. దివిసీమలో ఆ సుగుణమ్మగారు పింగాణీ పాత్రలు చేస్తారంటే పక్క సీటు పెద్దాయన నమ్మలేదు. "మా దివిలో పింగాణీ ఎక్కడిదండీ?" అన్నాడు. నిజమే, ఆ మట్టిని ఆవిడ బయటనుంచి తెప్పించుకుంటారు.

డ్రాయింగు టీచరుగా రిటైరయ్యాక నేర్చుకున్న విద్య అది. విజయవాడలో జరిగే ప్రదర్శనకి ఆవిడ పాత్రలు మొదటిసారి ఎంపికయ్యాయి. అయితే ఒక మెలిక. పని చేస్తుండగా తీసిన ఫోటో ఈ సాయంత్రంలోగా పంపాలి, లేకపోతే చోటివ్వరు. అందుకే ఫోటోలు తీసే నన్ను రమ్మన్నారు.

అవనిగడ్డ నుంచి షేర్ ఆటోలో పదకొండింటికి వాళ్ళింటికి చేరాను. చూద్దును కదా, పట్టుచీర, మెడలో గొలుసు! స్టూడియో అంటే ఇంటివెనక రేకుల షెడ్డు. దాన్నీ, పాత్రలు చేసే కరెంటు సారెనీ మట్టిచుక్క కనపడకుండా కడిగేశారు.

"అయ్యో, పని చేస్తూ కావాలండీ!"

"మట్టి చేతుల్తో ఫోటో ఏంటి బాబూ, నలుగురూ చూసేది!"

నవ్వొచ్చింది, గుండెల్లో రాయీ పడింది. బతిమాలితే కొంగు దోపుకుని కూర్చున్నారు. కెమెరా ఎత్తితే చాలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళిఫోటో నవ్వు నవ్వడం. చేపల పులుసుతో భోజనం పెట్టాక కూడా అదే వరస. మూడున్నర దాటేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది.

"నా వల్ల కాదు బాబూ. నాకంత రాత లేదులే."

నా ప్రాణం ఉసూరుమంది. కెమెరా స్టాండుకి బిగించి, "ఫోటో మాట వదిలేయండి. చర్చికి చేస్తానన్న కప్పులు మొదలుపెట్టుకోండి" అన్నాను.

"అయితే ప్రార్థన చేసుకుందాం. కళ్ళు మూసుకోండి."

తిరుగుతున్న సారె మీద మట్టిముద్ద పెట్టి, రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నారు. ముద్ద మధ్యకి కుదిరేదాకా ప్రార్థన చేయడం ఆవిడ అలవాటట. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే మా అమ్మ తొడపాశం పెట్టేది. ఇన్నేళ్ళొచ్చినా ఆ భయం పోలేదు. కళ్ళు మూసుకునే, వేలితో తడిమి బటన్ నొక్కాను.

"ఆమేన్. ఏదో టిక్కుమంది?"

"నేను కళ్ళు తెరవలేదండీ!"

ఇద్దరం కెమెరా తెర మీదికి వంగాం. పట్టుచీర అంచుకి మట్టి, చేతులకి మట్టి, మొహంలో ఎవరికో కనపడాలన్న ధ్యాసే లేదు. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఇదే పంపండి. మా హాల్లోకి మాత్రం నవ్వుతున్నది వేయించండి."

ఫోటో ఫోన్లోకి ఎక్కించుకుని అక్కణ్ణుంచే పంపేశాను. తిరుగు ప్రయాణంలో బందరు స్టేషన్లో ఉండగా ఆవిడ ఫోన్. "చోటిచ్చారంట బాబూ!" ఆ గొంతు వింటే నాకు కళ్ళు చెమర్చాయి.

రైల్లో ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకావిడ కూర్చుంది. సంతోషం పట్టలేక ఫోన్లో ఫోటో ఆవిడకీ చూపించాను. ఎవరని అడగలేదు. కొంగు తల మీదికి లాక్కుని, ఆ ప్రార్థన అయ్యాక ఇద్దామన్నట్టు ఫోను చేతిలోనే ఉంచుకుంది.