హెజ్రోన్ బాబాయి కత్తి గుచ్చని దోనె

మా మరోవో ఉప్పుసరస్సులో హెజ్రోన్ బాబాయి చెక్కిన దోనె మునిగిందన్న మాట ఎవరి నోటా వినలేదు. పైకి ఒప్పుకోడు గానీ, ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

ఈసారి దోనెకు చెట్టును ఎంచింది ఆయన భార్య కెజియా పిన్ని. చెట్టు కొట్టిన రోజు సాయంత్రమే ఆవిడ పోయింది. ఇంట్లో చావు జరిగితే నలభై రోజులు గొడ్డలి ముట్టకూడదన్నది మా ఆచారం. దుంగను రాళ్ల మీదికి ఎత్తుతామన్నా బాబాయి ఎవరినీ రానివ్వలేదు. అది తడినేల మీదే పడి ఉంది. ఆ తర్వాత మూడు నెలలు అక్కడే కూర్చుని చెక్కాడు. సోమవారం నుంచి తొమ్మిదిమంది పిల్లలు ఆ దోనెలోనే అవతలి ఒడ్డు బడికి వెళ్లాలి.

శుక్రవారం చూడబోయాను. సువా విశ్వవిద్యాలయంలో కొయ్య పుచ్చడం గురించే చదివొచ్చినదాన్ని, ఊరుకుంటానా? దోనె అడుగున గోధుమరంగు మచ్చలు.

“బూజు పట్టింది బాబాయ్.”

“పైపైదేలే. పగుళ్లకు పూసే టిటా గింజల ముద్ద మెత్తేస్తా. నాలుగు ముక్కలు చదివొచ్చి నాకే దోనెలు నేర్పుతావా?”

“నేర్పను, చెబుతా విను. బూజుకు పళ్లుండవు. ఎంజైములని రసాలు వదులుతుంది. కొయ్యలో పోగులుంటాయి, వాటిని పట్టి ఉంచే జిగురుంటుంది. ఒక్కో రసం తనకు అమరే ముడినే తడిమి పట్టుకుని అక్కడే తెంపుతుంది. ఈ రకం బూజుకు పోగులే కావాలి, జిగురు చాలావరకు వదిలేస్తుంది. అందుకే చూడ్డానికి కొయ్య బాగానే ఉంటుంది, బలం మాత్రం ముందే పోతుంది.”

ఆయన ఆ మచ్చల్ని బొటనవేలితో రుద్దాడు. కత్తిమొన గుచ్చి పైకి లేపితే మంచి కొయ్య పొడుగు పేళ్లుగా లేస్తుంది. ఎవరి దోనెకైనా ఆ పరీక్ష చేసేవాడు, దీనికి చేయలేదు. ఎందుకో తెలిసి నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అయినా కత్తి చేతికిచ్చాను.

గుచ్చాడు. చప్పుడే లేకుండా పొట్టిముక్క విరిగింది. మరో మూడుచోట్ల చూశాడు, అదే తీరు.

“ఎప్పుడు పట్టిందంటావు?”

“నేలమీద పడి ఉన్నప్పుడే. ఆ తర్వాతా ఆగలేదు.”

ముక్కను వేళ్లతో నలిపితే పొడి అయింది.

“నేను ఏడుస్తూ కూర్చున్నన్నాళ్లూ అది తింటూనే ఉందన్నమాట,” అన్నాడు.

పొద్దు గుంకితే ఏ పనీ చేయకూడని మా సబ్బాతు రోజు; అది మొదలవడానికి ఇంకా కాస్త పొద్దుంది. గొడ్డలి తీసుకుని దోనెను తన చేత్తోనే నరికేశాడు. సోమవారం పిల్లల్ని తన పాత చిన్న దోనెలో, తానే తెడ్డు వేస్తూ మూడు విడతలుగా దాటించాడు.