సబ్బుపెట్టె జీపు

దసరాకు ముందురోజు మా మనుమరాలు ప్లాస్టిక్ కారు ముక్కలను జిగురుతో అతికిస్తుంటే, ఆ వాసనకు ఉట్నూర్‌లోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

సబ్బుపెట్టెకు ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలు చక్రాలుగా బిగించిన బండ్లు మీకూ గుర్తుండే ఉంటాయి. బాపు కాంపౌండర్ కాబట్టి మా ఇంట్లో మూతలకు కొదవ లేదు. చెల్లెలు సరళ నెల రోజులు కూర్చుని అలాంటి జీపు చేసింది. దాని అద్దం ఎక్స్‌రే ఫిల్ము ముక్క. ఆయుధపూజలో బాపు సైకిలు పక్కన జీపును పెట్టి, దానికీ బొట్టు పెట్టించుకుంది.

హారతి పళ్లెం నేనే దించాను. చూసుకోకుండా జీపుకు ఆనించాను. మండుతున్న కర్పూరానికి జీపు ఒక పక్కంతా కరిగి కుంగిపోయింది.

"హారతి కాడికి ప్లాస్టిక్ ఎవలు జరిపిండ్రే?" అని బాపు గద్దించాడు.

"సరళనే జరిపింది బాపు" అన్నాను.

దెబ్బలు తిన్నది సరళ. తింటూ నా ముఖం చూసింది. మళ్లీ ఎన్నడూ బండి చేయలేదు. పిల్లల అబద్ధం ఒక్కటీ సహించని నేను ఈ అబద్ధాన్ని ఇన్నేళ్లు దాచుకున్నాను.

నిన్న పూజలో మనుమరాలి కారుకు బొట్టు పెట్టి, సరళకు ఫొటో పంపాను. "ఆ రోజు పళ్లెం ఆనించింది నేనే" అని కింద రాశాను.

"నాకెరుకే అక్కా. ఈసారన్న హారతి దూరం పెట్టినవా?" అని జవాబిచ్చింది.

పెట్టాను చెల్లీ. మూడు జానలు, కొలిచి మరీ.