పందిరికి మిగిలిన ఒక్క పొట్లకాయ

కృపమణి పెద్దమ్మకు సాయం చేస్తానని ఎవరూ నోరు జారకూడదు. జారితే ఆ పూటకు మన పని అయిపోయినట్టే. ఒకసారి ఆమె చేతిలో బిందె అందుకోబోయి నేను తిన్న తిట్లు మా అమ్మ కూడా నన్ను తిట్టలేదు. పెద్దమ్మకు మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అయినా పొద్దున్నే చిన్న పీట చంకలో పెట్టుకుని మడికి వస్తుంది. పీట మీద కూర్చుని చేతికందినంత మేర కలుపు తీస్తుంది, పీట ముందుకు జరుపుకుంటుంది, మళ్లీ తీస్తుంది.

మా ఊరు కడప జిల్లాలో నల్లమల వైపు ఉంటుంది. చర్చి వెనక దొరల కాలం నాటి బావి, దాని చుట్టూ మడులు. కూలికి పోలేని వయసొచ్చిన సంఘస్థులకు తలా ఒకటి ఇస్తారు. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత నేల. అయినా అడిగేవాళ్లు ఎక్కువ, మడులు తక్కువ కాబట్టి ఒక కట్టుబాటు పెట్టారు. కోతపండగ నాడు ఎవరి మడిలో పండింది వాళ్లు తమ చేత్తో తెచ్చి చర్చిలో బల్ల ముందు పెట్టాలి. వట్టి చేతులతో వస్తే మడి ఇంకొకరికి పోతుంది. ఈ కట్టుబాటు నాకు మొదటి నుంచీ గిట్టదు. ముసలివాళ్లని మడి ఇచ్చి, ముసలివాళ్లయ్యారని లాక్కోవడం ఏం న్యాయం? ఆ మాట నేనంటే రెజీనాది గయ్యాళి నోరంటారు. అననీ.

పెద్దమ్మ జీవితమంతా ఒకరి చేలల్లోనే శనక్కాయ పీకింది. ఆమె పేరు పెట్టి పిలిచే నేల ఈ మడి ఒక్కటే.

ఆమె పక్క మడి గాబ్రియేలు మామది. ఒకప్పుడు చర్చి గంట కొట్టినవాడు. కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్‌తో చూపు రాదు అని కడపలో డాక్టరు చెప్పాడట. మామ మాత్రం కొంచెం మసక అంతే అని దాటేస్తాడు. ఎంత కనపడుతుందో నిజం చెబితే కోడలు బావి దగ్గరికి పంపదని ఆయన భయం.

నిరుడు వాన మొదట్లో మురిపించి తర్వాత మొహం చాటేసింది. ఇద్దరి మడుల్లో ఆకుకూర, వంగ అన్నీ మాడిపోయాయి. మిగిలినవి గట్టు మీది పందిరికి పాకిన పొట్ల పాదులు. గట్టుకు ఆ పక్క ఆమెది, ఈ పక్క ఆయనది. ఆగస్టులో ఆయన పాదుకు చెద పట్టి ఎండిపోయింది. ఎండిన తీగ ఆయనకు కనపడలేదు. చేత్తో తడిమితే పచ్చిగా తగిలింది పెద్దమ్మ తీగ. తనదే అనుకుని ఆ రోజు నుంచి బిందెలు బిందెలు దానికే పోశాడు.

మొదటి రోజు పెద్దమ్మ చెప్పబోయి నోరు మూసుకోవడం నా కళ్లతో చూశాను. ఆమె అరబిందె నీళ్లు కూడా మోయలేకపోతోంది. పాదు బతికింది ఆయన నీళ్లతోనే. పుణ్యానికి వచ్చే నీళ్లని ఊరుకుందేమో అనుకున్నాను. మనిషిని అంత చులకనగా అనుకున్నందుకు ఇప్పుడు నామీద నాకే మంట.

పండగ నాటికి పందిరికి ఒకే ఒక్క కాయ మిగిలింది. వంకర తిరగకుండా దాని కొనకు పెద్దమ్మ రాయి కట్టింది. ఆ రాయి మామ చేతికి తగిలి, నేనే కట్టాననుకుని నన్ను దీవించాడు. ఆ దీవెన మింగలేక కక్కలేక నిలబడ్డాను.

పండగ పొద్దున పెద్దమ్మ కొడవలి పట్టుకుని వచ్చేసరికి పందిరి ఖాళీ. ముందు రోజు సాయంత్రమే మామ కోసుకుపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడే పోయి చెబుతానని లేచాను. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. వట్టి చేతులతోనే చర్చికి వచ్చింది.

చర్చిలో ఒక్కొక్కరూ గుమ్మడికాయలు, కొర్రలు, గోంగూర కట్టలు పెట్టి పోయారు. మామ నిలువెత్తు పొట్లకాయ పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన పక్కకు జరగకముందే పాస్టరు దావీదురాజు అయ్యగారు కృపమణి పేరు పిలిచారు. పెద్దమ్మ కర్ర ఊతంతో లేచి పోయింది. ఆమె చేతులు చూసి సంఘపెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

“అయ్యగారూ, ఆ కాయ మా ఇద్దరిదీ,” అంది పెద్దమ్మ. “వేరు నా మడిలో ఉండాది. నీళ్లు ఈయప్ప పోసినాడు. నాకు బిందె ఎత్తేకి చేతకాదు. శానా దినాలాయ.”

ఎవరి ముందూ ఒప్పుకోని మాట ఊరందరి ముందూ చెప్పేసింది. ఆయన కళ్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

మామ కాయను ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు. “అయితే నా పాదు?”

“ఎప్పుడో ఎండిపాయ.”

“నాకెందుకు చెప్పకపోతివి?”

పెద్దమ్మ గొంతు తగ్గించింది గానీ, ముందు వరసలో ఉన్న నాకు వినపడింది. “చెప్తే మల్ల మడికి వస్తావా నువ్వు?”

మామ కాయ రెండో కొసను ఆమె వైపు చాపి, ఆమె పట్టుకునేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత అయ్యగారి వైపు మొహం తిప్పి, నాకు కండ్లు కనపడవు అయ్యగారూ అని తనే చెప్పాడు. ఇద్దరూ కలిసి కాయను బల్ల మీద పెట్టారు. నాకు ఏడుపొచ్చింది.

ప్రార్థన అయ్యాక సంఘపెద్దలు ఒక మూలకు చేరి గుసగుసలు మొదలుపెట్టారు. నేను కళ్లు తుడుచుకుని వాళ్ల మధ్యకు పోయాను. ఆ ఇద్దరిలో ఎవరి మడి తీసేస్తారో నా మొహం చూసి చెప్పమన్నాను. ఒక్కొక్కరే జారుకున్నారు, మడుల మాట మళ్లీ ఎత్తలేదు.