సంతరోజు బస్సు

మీ అమ్మాయి ఏం చదవాలో తేల్చుకునే ముందు మీరు ఎవరిని అడిగారు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో పంతులుగారిని అడిగారు. మా పిన్నికి గుంటూరులో నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. సాయంత్రంలోగా చేరకపోతే ఆ సీటు పోతుంది. పంతులుగారు పెట్టిన ఘడియ తప్పకుండా అందరం బస్సు ఆగేచోటికి చేరాం. బస్సు రాలేదు. సంతరోజు అది మా ఊరికి రాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ముహూర్తం పెట్టాక ఆలోచించే పని ఎవరికుంటుంది? ఎండ నెత్తికెక్కింది. పిన్ని ట్రంకుపెట్టె మీద కూర్చుని, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు రోడ్డు వైపే చూస్తోంది.

మా తాతయ్య దేవుణ్ణీ దయ్యాన్నీ ఒకే గాటన కట్టే మనిషి. అంతసేపూ చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. చివరికి, "నక్షత్రాన్ని అడిగారు సరే, కండక్టర్ని అడగలేదేం?" అని, ముందురోజే మాట్లాడి మలుపు అవతల ఆపించిన మిరపకాయల లారీని కేకేసి పిలిచాడు. పిన్ని తుమ్ముకుంటూనే వెళ్లి చేరింది.

ఇప్పుడు నేనుండేది న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ ఊళ్లోని మౌంట్ రాస్కిల్‌లో, మా అబ్బాయి దగ్గర. మా మనవరాలు ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే నర్సు కావాలనుకుంది. మావాడు వీడియో కాల్‌లో ఒక జ్యోతిష్కుడికి జాతకం చూపించాడు, వైద్యయోగం ఉందన్నారు. అమెరికాలో ఉన్న అంకుల్ ఒకాయన దారి చెప్పాడు: నర్సింగ్ డిగ్రీ, ఐసీయూలో అనుభవం, ఆపైన మత్తు కోర్సు. ఇక్కడివాళ్లను అడగండర్రా అంటే నాది చాదస్తమన్నారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఆసుపత్రి డ్యూటీకి వెళ్లినప్పుడు, ఆ కోర్సు ఎక్కడుందని పిల్లే ఒక నర్సును అడిగింది. ఈ దేశంలో మత్తు ఇచ్చేది డాక్టరేనట. నర్సు పక్కన నిలబడి సాయం చేయొచ్చు, అంతేనట.

ఆ రోజు అది కారు ఇంటి ముందు ఆపి దిగలేదు. వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. "ఎవ్వరూ చెక్ చేయలేదు నాన్నమ్మా. ఇప్పుడు అమెరికా వెళ్లి మళ్లీ ఫస్ట్ నుంచా?" అంది. ధైర్యం చెబుదామని పిన్ని సంగతి చెప్పాను. అంతా విని, "మరి నా లారీ ఏది?" అంది.

కండక్టర్ని అడగలేదేం అన్న తాతయ్య మాట ఇన్నేళ్లూ నాతోనే ఉంది. ఆ కారులో అది రాయిలా బరువెక్కింది. ప్రతి మలుపు అవతలా లారీ ఉండదు. పిల్లను చదువులో చేర్చకముందే, మీరున్న దేశంలో ఆ పని చేస్తున్న మనిషిని వెతికి పట్టుకోండి. ఫోన్ తీయండి. ఇప్పుడే అడగండి.