బంతిలో బెజ్జం

నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో ఫిట్టరుగా పనిచేసే ఆమెను తోటివాళ్లు చాటుగా ‘భూతద్దం’ అనేవారు. ఎవరైనా ‘కరెంటు తీసేశాను’ అని చెప్పినా, తను టెస్టరు పెట్టి చూస్తేగాని తీగ ముట్టుకునేది కాదు. ఇంట్లోనూ అంతే. గోడగడియారం ఐదు నిమిషాలు వెనకబడిందంటే, ఎవరు ముట్టుకున్నారని భర్తనూ కూతురినీ పక్కపక్కన నిలబెట్టి అడిగేది.

అదే ప్లాంటులో ఆమె అక్క భర్త ఆపరేటరు. ఆమెను ఈ పనిలో పెట్టించింది ఆయనే. పందొమ్మిదేళ్లుగా బ్లీచింగ్ గదిలో వాల్వుల పిడులు చేత్తో తిప్పుతూ, నీళ్లలో ఎంత మందు కలవాలో చూసుకునేవాడు.

ఆ ఏడు ఇంజనీరు చేతి వాల్వులు తీయించేసి, మోటారుతో తిరిగేవి పెట్టాలన్నాడు. ఎంపిక ఆమెకు అప్పగించాడు. బాల్ వాల్వులో ఈ చివర నుంచి ఆ చివరకు తొలిచిన బంతి ఉంటుంది. పావు చుట్టు తిప్పితే దారి తెరుచుకుంటుంది, వెనక్కి తిప్పితే మూసుకుంటుంది. బ్లీచింగ్ ద్రావణం ఇనుమును తినేస్తుంది కనుక ప్లాస్టిక్‌వే కావాలి. బంతిని తిప్పేందుకు మోటారుకు బలం చాలుతుందా, లోపలి రబ్బరు మందుకు ఆగుతుందా, మోటారు పెట్టెలోకి చెమ్మ చేరుతుందా, కరెంటు పోతే వాల్వు దానంతటదే మూసుకుంటుందా అని వారం రోజులు కాగితాల మీద పడి చూసింది.

బిగించే రోజు బావ పక్కనే నిలబడ్డాడు.

“మరి నేనేం చెయ్యాలమ్మా ఇక?”

“కుర్చీలో కూర్చుని బటన్ నొక్కితే చాలు బావా.”

“ఇవాళ కూర్చోబెడతారు. రేపు కుర్చీ తీసేస్తారు,” అన్నాడాయన నవ్వకుండా.

మూడు వారాలకు, ఒక సోమవారం పొద్దున, రెండో ట్యాంకు వాల్వు పగిలి కనిపించింది. మందంతా ట్యాంకు చుట్టూ కట్టిన గట్టులో నిలిచింది. మనుషులకేమీ కాలేదు. మోటారు బాగానే తిరుగుతోంది, బోర్డు మీద ‘మూసి ఉంది’ అనే దీపం వెలుగుతూనే ఉంది. వాల్వు ఒంటికి మాత్రం జానెడు చీలిక.

“ఎవరో సుత్తితో ఒక్కటిచ్చినట్టుంది,” అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఆమె కొత్తది బిగించింది. పన్నెండో రోజున అదీ పగిలింది.

కుర్చీ మాట ఆమె బుర్రలో తిరగడం మొదలైంది. డ్యూటీ రిజిస్టరు తిరగేసింది. రెండుసార్లూ చివరి షిఫ్టు బావదే. ఆయన గదిలో లేనప్పుడు టూల్‌బాక్సు తెరిచి చూసింది. సుత్తి ఉంది. సుత్తి లేని టూల్‌బాక్సు ఎక్కడుంటుంది అని మనసు ఒక పక్క అంటున్నా, దాని మూతి మీద తెల్లటి ప్లాస్టిక్ పొడి అంటిందేమోనని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు కూడా ఆయన చేతుల వంకే చూసింది.

“ఏంటే, అన్నం మానేసి ఆయన్ని చూస్తున్నావ్?” అంది అక్క.

“ఏం లేదక్కా.”

మర్నాడు స్టోర్ వెనక పడేసిన పాత చేతి వాల్వొకటి తెచ్చి విప్పింది. బంతి పక్కగోడకు అగ్గిపుల్ల పట్టేంత బెజ్జం. డ్రిల్లు పెట్టి తొలిచిందే. అంటే ఈయనకు వాల్వులు పాడుచేయడం ఇప్పటి అలవాటు కాదన్నమాట!

బంతిని తీసుకుని నేరుగా బ్లీచింగ్ గదికి వెళ్లింది.

“బావా, ఈ బెజ్జం ఎవరు పెట్టారు?”

“నేనే.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

“పదిహేడేళ్లయింది,” అన్నాడాయన. “అప్పుడూ ఇలాగే రెండు పగిలాయి. మూసి ఉంచితే బంతి లోపల మందు చిక్కుకుపోతుంది. దాన్నుంచి గాలి పుడుతుంది. ఆ గాలికి పోయే దారి లేక వాల్వునే చీల్చేస్తుంది. ట్యాంకు వైపుకి ఒక బెజ్జం పెడితే వెనక్కి పోతుందని అప్పటి ఫోర్‌మన్ చెప్పాడు. డ్రిల్లు నేను పట్టాను.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వడిగావా? కొత్తవి కదా, బెజ్జంతోనే వస్తాయనుకున్నా. పగిలాక చెబుదామని వచ్చాను. నువ్వప్పటికే నా రిజిస్టరు తిరగేస్తున్నావు.” ఆయన టూల్‌బాక్సు వైపు చూపించాడు. “దీన్నీ తెరిచి, గొళ్లెం తిరగేసి పెట్టావమ్మా.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా నమ్మలేదు. పగిలిన వాల్వును కడిగి బల్ల మీద పెట్టి చూసింది. దెబ్బ తగిలిన నొక్కు ఎక్కడా లేదు. చీలిక అంచులు బయటికి తిరిగి ఉన్నాయి. రిజిస్టరు మళ్లీ తీసి, ఈసారి మనుషుల పేర్లు కాకుండా వాల్వులు తెరిచిన, మూసిన వేళలు చదివింది. పగిలిన రెండుసార్లూ వాల్వు ఒకరోజుకు పైగా మూసే ఉంది. గంటగంటకూ తెరుచుకునే మొదటి ట్యాంకు వాల్వుకు ఏమీ కాలేదు. చివరికి వాల్వుల కంపెనీకి ఫోన్ చేసింది.

“బ్లీచింగ్‌కా? అయితే బెజ్జం ఉన్న బంతి కావాలని రాయాలి కదండీ. ఆర్డరు ఫారంలో ఆ గడి ఉంది,” అన్నాడు అవతలివాడు.

ఫారం నకలు తీసింది. ఆ గడిలో ‘అక్కర్లేదు’ అని ఉంది. దస్తూరీ తనదే.

సాయంత్రంలోగా ఇంజనీరు దగ్గరకు వెళ్లి, ఎవరూ కొట్టలేదనీ, తప్పు తన ఎంపికదనీ చెప్పింది. కొత్తవి వచ్చేదాకా రెండో ట్యాంకుకు పాత చేతి వాల్వు బిగించారు. బావ మళ్లీ పిడి తిప్పాడు, ఆమెతో మాత్రం పొడిపొడిగానే మాట్లాడాడు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లింది.

“తప్పయిపోయింది బావా.”

“వాల్వు సంగతా, నా సంగతా?”

“రెండూ.”

ఆయన పేపరు మడిచాడు. “సరే, అన్నం తిని వెళ్లు,” అన్నాడు. అక్క మాత్రం గ్లాసు ఆమె ముందు టప్పున పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్క కోపం తగ్గడానికి రెండు నెలలు పట్టింది.

కొత్త వాల్వులు వచ్చాక, ఒక్కోదాని బెజ్జం ట్యాంకు వైపే ఉందో లేదో పుల్ల పెట్టి చూసి, ఒంటి మీద ఎర్ర రంగుతో బాణం గీసి మరీ బిగించింది. అవి పగల్లేదు. బావ కుర్చీని ఎవరూ తీయలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన మోటారు పెట్టె మీద అరచేయి ఆనించి నిలబడి ఉండటం కిటికీలోంచి ఆమె కంట పడింది. ఏం చేస్తున్నాడీయన అని మనసు మళ్లీ గొణిగింది. లోపలికి వెళ్లి అడిగింది.

“వేడెక్కిపోతోంది, నువ్వూ చూడు,” అన్నాడు.

ఆమె చెయ్యి పెట్టింది. నిజమే. ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. మర్నాడు ఆ కిటికీకి రేకు బిగించింది. నిచ్చెన బావ పట్టుకున్నాడు.